మోడల్ రేస్ బోటుకి ఏ ఎగ్జాస్ట్ పైపు వేయాలి, ఎంత కోయాలి: హైదరాబాద్ చెరువుల్లో నడిపేవాళ్ళ కోసం

ఆర్‌ఎక్స్ 100 నడిపినవాళ్ళకి ఒక క్షణం బాగా గుర్తుంటుంది. గేరు మార్చి యాక్సిలేటర్ తిప్పితే బండి కాసేపు మామూలుగానే పోతుంది. తర్వాత ఎవరో వెనక నుంచి తోసినట్టు ఒక్కసారిగా లాగుతుంది. ఆ లాగుడులో ఇంజిన్‌ది ఎంత వాటా ఉందో, కింద వేలాడే సైలెన్సర్‌ది కూడా ఇంచుమించు అంతే ఉంది. ఆ సైలెన్సర్ తీసేసి ఉత్త గొట్టం పెట్టి సౌండు చూసి మురిసిపోయినవాళ్ళు, మర్నాడు ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు బండి ఎందుకు నీరసించిందో తెలియక తికమకపడ్డారు.

రిమోట్‌తో నడిపే మోడల్ రేస్ బోట్లలో కూడా జనం చేసే తప్పు ఇదే. ఇంజిన్ మీద పెట్టిన శ్రద్ధ పైపు మీద పెట్టరు, పెట్టినా సౌండు చూసి కొంటారు. 26 సీసీ పెట్రోల్ ఇంజిన్‌తో మొదటి బోటు కొన్న ప్రతివాళ్ళూ నన్ను అడిగేది "అన్నా, ఏ పైపు బెస్టు?" అని. నేను తిరిగి అడిగేది "ఏ నీళ్ళలో, ఏ హల్‌తో, ఏ ప్రాప్‌తో?" అని. హల్ అంటే బోటు ఒళ్ళు, ప్రాప్ అంటే ప్రొపెల్లర్. సాధారణంగా రెండో ప్రశ్న దగ్గరే మాట ఆగిపోతుంది. అందుకే ముందు ఆ లెక్కలు చూసి, తర్వాత పైపుల దగ్గరికి వద్దాం.

లోపల జరిగేది ఇంతే

టూ స్ట్రోక్‌లో ఎగ్జాస్ట్ పోర్టు, అంటే సిలిండర్ గోడలో పొగ పోయే కిటికీ, తెరుచుకోగానే ఒత్తిడి అల ఒకటి పైపులోకి దూకుతుంది. పైపు వెడల్పయ్యే కోన్ దగ్గర ఆ అలలో కొంత భాగం పీల్చే అలగా మారి వెనక్కి వస్తుంది, సిలిండర్‌లో మిగిలిన పొగని లాగుతుంది. ఆ ఊపులో కొత్త పెట్రోల్ మిశ్రమం కూడా కొంత బయటికి జారిపోతుంది. అల ముందుకెళ్ళి కుంచించుకునే కోన్‌కి కొట్టుకుని తోసే అలగా తిరిగొస్తుంది. పోర్టు మూసుకునే ముందు వస్తే జారిపోయిన మిశ్రమాన్ని మళ్ళీ సిలిండర్‌లోకి నెట్టేస్తుంది. సమయానికి రాకపోతే ఆ పెట్రోల్ గాలిపాలే.

1950ల్లో తూర్పు జర్మనీలో ఎంజెడ్ కంపెనీ ఇంజినీర్ వాల్టర్ కాడెన్ రేస్ బైకుల మీద ఈ లెక్కని ఒక కొలిక్కి తెచ్చాడు. 1961లో ఆయన రేసర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ దేశం వదిలి సుజుకీలో చేరాడు, ఆ విద్య కూడా జపాన్ చేరింది. మన చెరువులో తిరిగే అడుగున్నర గొట్టం ఆ వంశంలోదే.

అల పోయి రావడానికి పట్టే సమయం పైపు పొడవు మీద, లోపలి గ్యాస్ వేడి మీద ఆధారపడి ఉంటుంది. కాబట్టి ప్రతి పైపూ ఒకానొక ఆర్‌పీఎం దగ్గరే సరిగ్గా పనిచేస్తుంది. దాన్నే పైపు పట్టడం అంటాం, అలా అల లెక్క చూసి చేసినదే ట్యూన్డ్ పైపు. పొట్టి పైపు ఎక్కువ ఆర్‌పీఎంలో పట్టుకుంటుంది, పొడుగుది తక్కువలో. ఇక్కడి నుంచి చెప్పేదంతా ఈ ఒక్క ముక్క చుట్టూనే తిరుగుతుంది.

కొనే ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది ట్రాక్. నీళ్ళ మీద తేలే గుర్తులు కట్టి ఓవల్‌లో తిప్పితే ప్రతి మలుపులో ఆర్‌పీఎం పడిపోతుంది. పైపు పట్టే పరిధి కంటే కిందికి పడితే బోటు గేదెలా ఈదుతుంది, మళ్ళీ లేవడానికి సగం స్ట్రెయిట్ అయిపోతుంది. ఒకే గీతలో టైము కొట్టేవాళ్ళకి ఆ బాధ లేదు. మోడల్ బోట్ల అంతర్జాతీయ సంస్థ నావిగా పోటీల్లో ఎఫ్‌ఎస్‌ఆర్-వీ లాంటి ఎండ్యూరెన్స్ రేసులు అరగంట దాకా సాగుతాయి, అక్కడ వేడి తట్టుకోవడం, పెట్రోల్ పొదుపు ముఖ్యం.

రెండోది హల్. మోనో అంటే వీ ఆకారపు అడుగు, నీళ్ళలో ఎక్కువ కూరుకుని ఉంటుంది, ఇంజిన్ మీద బరువు ఎక్కువ. దానికి పొడుగు పైపు. హైడ్రో నీళ్ళని తాకీతాకకుండా పోతుంది, ఆర్‌పీఎం సులువుగా ఎక్కుతుంది, పొట్టి పైపుని భరిస్తుంది. రెండు హల్‌లు జోడించిన క్యాటమరాన్ ఈ రెండిటికీ మధ్యలో ఉంటుంది.

మూడోది ఇంధనం. 3.5 సీసీ, 7.5 సీసీ గ్లో ఇంజిన్లు మిథనాల్ తాగుతాయి. మిథనాల్ మంట చల్లన, కాబట్టి ఎగ్జాస్ట్‌లో అల నెమ్మదిగా నడుస్తుంది. అదే ఆర్‌పీఎంకి పెట్రోల్ కంటే పొట్టి పైపు కావాలి. పెట్రోల్ బోటు పైపు లెక్కని గ్లో ఇంజిన్‌కి అంటగట్టకండి. పైగా మిథనాల్ విషం, అమ్మకం మీద ఆంక్షలు ఉన్నాయి, అందులో కలిపే నైట్రోమీథేన్ దొరకడం ఇంకా కష్టం. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేను పెట్రోలే చెబుతాను: బంకులో పెట్రోల్, మంచి టూ స్ట్రోక్ ఆయిల్, పని అయిపోయింది. గ్లో నడిపేవాళ్ళు ఆయిల్‌గా ఆముదం కలుపుతారు. ఆముదం పంట మీద పరిశోధన చేసే నూనెగింజల సంస్థ మన రాజేంద్రనగర్‌లోనే ఉంది కదా అని కిరాణా కొట్టు ఆముదం పోయకండి. జిగురు తీసిన రకమే వాడాలి. అది వాడినా పైపు లోపల నల్లటి పొర కడుతుంది, అప్పుడప్పుడు కడుక్కోవాల్సిందే.

నాలుగోది, మన ఊళ్ళో చాలామంది చివర్లో గుర్తుచేసుకునేది, శబ్దం. నీళ్ళ మీద సౌండు చాలా దూరం పోతుంది. హుస్సేన్ సాగర్ చుట్టూ సాయంత్రం జనం ఎలా ఉంటారో తెలుసు, అక్కడ అనుమతి లేకుండా ఇంజిన్ బోటు దించే ఆలోచనే వద్దు. గండిపేట, హిమాయత్ సాగర్ తాగునీళ్ళు, ఆయిల్ కక్కే ఇంజిన్ అక్కడికి తీసుకెళ్ళకూడదు. మిగిలింది ఊరి బయట చెరువులు. చేపలు పట్టేవాళ్ళు వల వేసుకుని కూర్చుంటే మనం ఓపెన్ పైపుతో గంట గోల చేస్తే రెండోసారి రానిస్తారా?

నాలుగు దారులు

| పైపు | మలుపు తర్వాత లేవడం | టాప్ స్పీడు | శబ్దం | సెట్ చేసే శ్రమ |
|---|---|---|---|---|
| డబ్బా మఫ్లర్ | ఒకే తీరు, మెల్లగా | తక్కువ | తక్కువ | లేదు |
| సైలెన్సర్ కలిసిన ట్యూన్డ్ పైపు | బాగుంటుంది | బాగుంటుంది | మధ్యస్థం | కొంత |
| ఓపెన్ ట్యూన్డ్ పైపు | పొడవుని బట్టి | ఎక్కువ | చాలా ఎక్కువ | చాలా |
| ఇక్కడే చేయించిన పైపు | చేసినవాళ్ళ చేతిని బట్టి | చేతిని బట్టి | చేసినట్టు | అన్నిటికంటే ఎక్కువ |

డబ్బా మఫ్లర్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ఇంజిన్‌తో వచ్చింది అలాగే ఉంచి మొదటి రెండు మూడు ట్యాంకులు నడపండి. ఇంజిన్ ఒదిగేదాకా, స్టీరింగ్ చేతికి అలవాటయ్యేదాకా అది చాలు. రేసుకి మాత్రం పనికిరాదు.

సైలెన్సర్ కలిసిన పైపు అంటే కుంచించుకునే కోన్ చుట్టూ ఇంకో డబ్బా, పొగ బయటికి పోయే సన్నని చివరి గొట్టం (స్టింగర్) లోపలే దాగి ఉంటుంది. బయటికి చూస్తే బొద్దుగా, పొట్టిగా కనిపిస్తుంది. ఓపెన్ పైపుతో పోలిస్తే టాప్ స్పీడు కొంచెం పోతుంది, కొంచెం బరువు పెరుగుతుంది. కానీ చేపలవాళ్ళతో పేచీ ఉండదు, ఇంజిన్ ఎప్పుడు తడబడుతుందో మనకే స్పష్టంగా వినిపిస్తుంది. ఓపెన్ పైపు అరుపులో ఆ తేడా చెవికి పట్టదు. నా ఓటు దీనికే.

ఓపెన్ పైపు స్ట్రెయిట్ ట్రాక్ మీద టైము కొట్టేవాళ్ళది. చుట్టూ జనం లేని పెద్ద చెరువు, చేతిలో ఆర్‌పీఎం కొలిచే టాకోమీటర్, కోయడానికి ఓపిక ఈ మూడూ ఉంటే దాని రుచి వేరు. ఏ ఒక్కటి లేకపోయినా డబ్బు దండగ. అందులోనూ కుంచించుకునే కోన్ పొట్టిగా, ఒక్కసారిగా సన్నబడే పైపు తీసుకుంటే పట్టే పరిధి సన్నగా ఉంటుంది, పట్టినప్పుడు గట్టిగా లాగుతుంది, దాటితే ఒక్కసారిగా పడిపోతుంది. కోన్ పొడుగ్గా వాలుగా ఉంటే పరిధి వెడల్పు. ఓవల్‌కి వాలు కోనే.

ఇక చేయించుకోవడం. బాలానగర్‌లో లేత్ షాపులకి, ఆర్గాన్ వెల్డింగ్ షాపులకి కొదవ లేదు. రెండేళ్ళ కిందట 22 గేజ్ సీఆర్ (కోల్డ్ రోల్డ్ స్టీలు) షీటు మీద కోన్ల నమూనా గీసుకుని ఒక షాపుకి పట్టుకెళ్ళాను. మేస్త్రీ షీటు చుట్టి, అంచులు టాక్ వేసి, రెండు కోన్లు కలిపి చూసి, ఒక కొస నోటి దగ్గర పెట్టుకుని ఊదాడు. బొంయ్‌మని మోగింది. "ఏంది సారూ ఇది, శంఖం లెక్కుంది" అన్నాడు. షాపులో ఉన్న నలుగురూ వరసగా ఊదారు. తర్వాత పని మాత్రం చక్కగా చేశాడు, ఒక్క చోట తప్ప: వెల్డు లోపలికి కారి పూసల్లా గడ్డకట్టింది. ఆ పూసలు ఫైలుతో అందవు. అలకి అవి గతుకుల రోడ్డు. ఆ పైపు నడిచింది కానీ కొన్నదానిలా ఎన్నడూ నడవలేదు.

అందుకని నా పద్ధతి: హెడర్ (ఇంజిన్ నుంచి పైపు దాకా వచ్చే మొదటి గొట్టం), జాయింట్లు, బ్రాకెట్లు బాలానగర్‌లో చేయిస్తాను, పైపు మాత్రం కొంటాను. బయటి నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం కూడా పడుతుంది. ఆ లెక్క ముందే వేసుకోండి.

లోహం సంగతి ఒక్క ముక్కలో: అల్యూమినియం తేలిక, వేడి త్వరగా వదిలేస్తుంది, కానీ వణుకుడుకి వెల్డు దగ్గర పగులుతుంది. స్టీలు బరువు, తుప్పు పడుతుంది, పెట్రోల్ ఇంజిన్ వణుకుడు బాగా తట్టుకుంటుంది. 26 సీసీకి స్టీలు, 3.5 సీసీకి అల్యూమినియం. ఇందులో పెద్దగా ఆలోచించాల్సింది లేదు.

పొడవు: అసలు పని ఇక్కడ

కాగితం మీద ఒక లెక్కతో మొదలుపెట్టొచ్చు. క్రాంకు ఒక చుట్టు తిరిగే 360 డిగ్రీల్లో ఎగ్జాస్ట్ పోర్టు ఎన్ని డిగ్రీలు తెరిచి ఉంటుందో దాన్ని 43,000తో గుణించి, మీరు కోరుకునే ఆర్‌పీఎంతో భాగించండి. మి.మీ.లో పొడవు వస్తుంది. పిస్టన్ ముఖం దగ్గర మొదలుపెట్టి, గొట్టం మధ్యగా, కుంచించుకునే కోన్ దాదాపు సగం దాకా కొలిచే పొడవు అది. వేడి ఎగ్జాస్ట్‌లో శబ్దం సెకనుకి సుమారు 516 మీటర్లు పోతుందనుకుంటే వచ్చే అంకె ఆ 43,000.

165 డిగ్రీల పోర్టు, 15,500 ఆర్‌పీఎం అనుకుందాం. 458 మి.మీ. వస్తుంది. అదే 14,500కి లెక్క వేస్తే 489. అంటే ఈ పరిధిలో వెయ్యి ఆర్‌పీఎంకి 31 మి.మీ. తేడా, 3 మి.మీ. కోస్తే సుమారు 100 ఆర్‌పీఎం. కోసే ముందు గుర్తుంచుకోవాల్సిన అంకె ఇదే.

బోట్లలో ఒక మెలిక ఉంది. హెడర్ చుట్టూ నీళ్ళు తిరుగుతాయి, గ్యాస్ చల్లబడుతుంది, అల నెమ్మదిస్తుంది. పైపు ఉన్నదానికంటే పొడుగ్గా ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. కాబట్టి చివరికి కుదిరే పొడవు లెక్కలో వచ్చినదానికంటే పొట్టిగానే తేలుతుంది. ఎంత పొట్టి అనేది మీ హెడర్, మీ నీళ్ళు తేలుస్తాయి. లెక్క ప్రకారం మొదలుపెడితే సహజంగానే పొడుగు వైపు ఉంటారు, అదే మంచిది. కోసిన గొట్టం మళ్ళీ పెరగదు.

నీళ్ళ మీద అసలు ఆర్‌పీఎం ఎంతో తెలుసుకోవడానికి టెలిమెట్రీ (బోటు నుంచి అంకెలు ఒడ్డుకి పంపే పరికరం) లేకపోయినా చిన్న జీపీఎస్ ఉంటే చాలు. ఆక్టురా కంపెనీ ఎక్స్470 ప్రాప్ అంటే 70 మి.మీ. వ్యాసం, పిచ్ దానికి 1.4 రెట్లు, అంటే 98 మి.మీ. ఒక్కో చుట్టుకి కాగితం మీద 98 మి.మీ. ముందుకెళ్ళాలి. నీళ్ళలో జారుడు 12 శాతం అనుకుంటే సుమారు 86. గంటకి 80 కి.మీ. చూపిస్తే ఇంజిన్ దాదాపు 15,500 తిరుగుతోందన్నమాట. జారుడు ఊహే కాబట్టి ఇది కచ్చితం కాదు, కానీ ఈ పొడవుకీ ఆ పొడవుకీ పోల్చడానికి బాగా పనికొస్తుంది.

ఇప్పుడు చెరువు దగ్గర. మూడు ల్యాపులు తిప్పండి, మలుపు నుంచి బయటికొచ్చే చోటు మీదే చెవి పెట్టండి.

మలుపు నుంచి టక్కున లేచి, స్ట్రెయిట్ సగంలోనే గొంతు పట్టేసినట్టు ఒకే శ్రుతిలో ఆగిపోతే పైపు పొడుగు. 3 మి.మీ. తగ్గించండి. ప్రతిసారీ అంతే, అంతకు మించి వద్దు.

మలుపులో గుడగుడమని, చాలాసేపు గింజుకుని, ఆ తర్వాత ఒక్కసారిగా కేక వేస్తే పైపు పొట్టి. లేదా ప్రాప్ పెద్దది. చాలామంది ఇక్కడే పొరపడతారు: పైపుని తిట్టుకుంటారు, తప్పు ప్రాప్‌ది. ఒక సైజు చిన్న ప్రాప్ వేసి చూడండి. గింజుకోవడం పోతే పైపు బాగానే ఉంది.

ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. పైపు, ప్రాప్, నీడిల్ (కార్బురేటర్‌లో ఇంధనం ఎంత పోవాలో తేల్చే సూది) మూడూ ఒకే పొద్దున కదిలిస్తే మధ్యాహ్నానికి ఏది దేనివల్లో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. పాత స్కూలు నోటుబుక్కు ఒకటి పెట్టుకోండి: తేదీ, గాలి వేడి, పొడవు, ప్రాప్, స్పీడు. నా నోటుబుక్కు నిండా ఆయిల్ వేలిముద్రలే, కానీ పోయిన మే నెల సెట్టింగ్ ఈ మే నెలలో వెతుక్కోకుండా దొరుకుతుంది.

కోయాల్సింది ఎప్పుడూ హెడర్ వైపు తిన్నని గొట్టాన్నే. కోన్ల జోలికి వెళ్ళకండి.

నీడిల్, స్టింగర్

పైపు పట్టినప్పుడు ఇంజిన్ ఎక్కువ గాలి పీలుస్తుంది, మిశ్రమం లీన్ వైపు, అంటే ఇంధనం తక్కువ వైపు వెళ్తుంది. ఒడ్డున స్టాండు మీద తియ్యగా పాడిన ఇంజిన్ నీళ్ళలో రెండో ల్యాపులో పిస్టన్ కరిగించుకోవడానికి కారణం ఇదే. పైపు పొట్టి చేసిన ప్రతిసారీ నీడిల్ కొంచెం రిచ్ చేసి (ఇంధనం పెంచి) నీళ్ళలోకి దించండి, అక్కడి నుంచి కొద్దికొద్దిగా తగ్గించండి.

విశాఖలోనో కాకినాడలోనో నడిపే మిత్రుడి సెట్టింగ్ తెచ్చుకుంటే ఇక్కడ రిచ్‌గా నడుస్తుంది. హుస్సేన్ సాగర్ నిండు మట్టం సముద్రం కంటే 513 మీటర్లు ఎత్తు, ఆ ఎత్తులో గాలి దాదాపు 5 శాతం పలచన. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల్లో ఇంకా పలచన. జనవరి పొద్దున ఆరు గంటలకి చల్లగాలి చిక్కగా ఉంటుంది, వేసవి సెట్టింగ్‌తో అప్పుడు నడిపితే లీన్ అవుతుంది. ఇంజిన్లు పోయేది ఎక్కువగా చలికాలంలోనే, ఎండాకాలంలో అనుకుంటారు జనం.

స్టింగర్ అంటే చివరి సన్నని గొట్టం. లోపలి వ్యాసం హెడర్ వ్యాసంలో 0.58 నుంచి 0.62 వంతు దాకా ఉండాలనేది టూ స్ట్రోక్ ట్యూనర్ల పాత లెక్క. మరీ సన్నమైతే వేడి లోపలే ఉండిపోయి ప్లగ్ తెల్లబడుతుంది, మరీ లావైతే తోపు పోతుంది. సౌండు తగ్గుతుందని సన్నం చేయకండి. సౌండు తగ్గాలంటే హెడర్ నుంచి బయటికొచ్చే నీళ్ళని స్టింగర్ కొసలోకి వదిలే పద్ధతి ఉంది, కోన్ల తర్వాతే వదలాలి. బోటు బోర్లాపడితే మాత్రం ఆ నీళ్ళు ఇంజిన్‌లోకి వెనక్కి పోకుండా చూసుకోండి, ఒడ్డుకి తేగానే ప్లగ్ తీసి స్టార్టర్ లాగి నీళ్ళు కక్కించండి.

జాయింట్ దగ్గర నేను నేర్చుకున్నది

హెడర్‌కీ పైపుకీ మధ్య సిలికాన్ గొట్టం, రెండు క్లాంపులు ఉంటాయి. లోపల రెండు గొట్టాల కొసలూ ఆనుకుని ఉండాలి, సందు ఉంటే వేడి గ్యాస్ నేరుగా సిలికాన్‌ని కాలుస్తుంది. నేను పైపుని 6 మి.మీ. పొడుగు చేద్దామని కోయకుండా, అతకకుండా, ఊరికే బయటికి జరిపి క్లాంపు బిగించాను. సందు వదిలినట్టే.

శామీర్‌పేట దాటాక ఒక చెరువు. ఒడ్డు వెంబడి గుర్రపుడెక్క. మూడో ల్యాపులో దాని వేరు ముక్క ఒకటి నీళ్ళు పీల్చే గొట్టం మూతికి అడ్డం పడింది. హెడర్‌లో నీళ్ళు ఆగాయి. నాకు కనిపించింది మాత్రం బోటు వెనక సన్నని తెల్ల పొగ, తర్వాత సౌండు చీరుకుపోయినట్టు మారడం. తెప్ప మీద వెళ్ళి తెచ్చి మూత తీస్తే సిలికాన్ మినపవడలా నల్లగా మాడిపోయి ఉంది, పైపు బ్రాకెట్‌కి వేలాడుతోంది, హల్ లోపలి రెసిన్ బుడగలు తేలింది. తప్పు ఎవరిదీ కాదు, నాదే.

అప్పటి నుంచి గుర్రపుడెక్క ఉన్న చెరువులో దించితే ప్రతి రెండు ల్యాపులకీ పక్క రంధ్రంలోంచి నీళ్ళ ధార వస్తోందా లేదా చూస్తాను. వినాయక నిమజ్జనం అయిన చెరువుల్లో కొన్ని వారాలు అసలు దించను. పూలదండల దారాలు ప్రాప్ చుట్టూ చుట్టుకుంటాయి, ఇనుప చువ్వలు హల్‌ని చీలుస్తాయి.

మీరు ఏ రకం?

మొదటి బోటు, వారాంతం సరదా, మోనో హల్ అయితే సైలెన్సర్ కలిసిన స్టీలు పైపు తీసుకుని, లెక్క కంటే పొడుగ్గానే ఉంచి ఒక సీజన్ నడపండి. టాప్ స్పీడులో నాలుగైదు కిలోమీటర్లు పోయినా మలుపుల్లో పడిపోకుండా ఉంటుంది, పక్కవాడి హైడ్రో మలుపులో గింజుకుంటుంటే మీరు ముందుకెళ్ళిపోతారు. ఈ ముచ్చట నేను చాలాసార్లు చూశాను.

ఓవల్ రేసు సీరియస్‌గా చేసేవాళ్ళకి వాలు కోన్ ఉన్న పైపు, రెండు మూడు పొడవుల హెడర్లు. చెరువుని బట్టి హెడర్ మార్చుకోవడం పైపు మార్చడం కంటే చవక.

టైము కొట్టేవాళ్ళకి ఓపెన్ పైపు, హైడ్రో హల్, ఒక మనిషి ఒడ్డున నోటుబుక్కుతో.

ఇక సెకండ్ హ్యాండ్ బోటు కొన్నవాళ్ళు. పాత యజమాని పైపుని కోసి కోసి పొట్టి చేసి, అది కుదరకే అమ్ముంటాడు. మలుపులో గింజుకోవడం చూసి ఇంజిన్ పోయిందనుకుని పిస్టన్, రింగు మార్చేయకండి. హెడర్ గొట్టం వ్యాసం కొలుచుకుని బాలానగర్ వెళ్ళండి, అదే వ్యాసంలో 20 మి.మీ. అతుకు ముక్క ఒకటి లేత్ మీద తీయించండి, లోపల మెట్టు లేకుండా. దాన్ని మధ్యలో పెట్టి, కొసలు ఆనించి, కొత్త సిలికాన్ తొడిగి చెరువులో దించండి. బోటు లేస్తే ఆ ముక్కని 3 మి.మీ. చొప్పున తగ్గించుకుంటూ రండి. లేవకపోతే అప్పుడు ఇంజిన్ విప్పండి.